పాకం లేని లడ్డు, పిండి లేని రొట్టె: ఎక్కడ చెడుతుంది, ఎట్ల సరిచేయాలి

షుగర్ తగ్గాలని లో కార్బ్, అంటే పిండిపదార్థం తక్కువుండే తిండి మొదలుపెట్టి, బియ్యం, గోధుమ, చక్కెర పక్కన పెట్టి వండితే మొదటి వారం సగం వంటలు చెడతాయి. చేయి తిరగకనో, కొలత తప్పో కాదు. పిండి, బెల్లం తీపికీ కడుపు నింపడానికీ మాత్రమే లేవు. ముద్ద కట్టేది, తడి పట్టి ఉంచేది, అంచు కరకరలాడించేది కూడా అవే. వాటిని తీసేస్తే ఆ పని ఇంకొకదానికి అప్పజెప్పాలి. కింద చెప్పిన వంటల తిప్పలు చాలావరకు అక్కడే మొదలవుతాయి.

ముందు ఒక్క మాట. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ గోళీ గానీ వాడేవాళ్లు డాక్టరును అడిగి మోతాదు సరిచేయించుకున్నాకే అన్నం తగ్గించాలి. మందు పాతదే ఉండి తిండి తగ్గితే షుగర్ 70 కన్నా కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు వస్తే లో కార్బ్ సంగతి మరిచిపోయి 3 చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందులు వాడేవాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టరును అడగకుండా ఈ తిండి మొదలుపెట్టొద్దు.

అన్నం మానేసినా మీటరు దిగడం లేదు

నల్లగొండ, పాలమూరు ఇళ్లల్లో దీనికి మొదటి అనుమానితురాలు జొన్నరొట్టె. మంచి తిండే, పీచు ఎక్కువే, కానీ లో కార్బ్ కాదు. 100 గ్రాముల బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములుంటే జొన్నపిండిలో 70 దాకా ఉంటుంది. 50 గ్రాముల పిండితో చేసిన ఒక రొట్టెలో 35 గ్రాములు. మూడు తింటే లెక్క మీరే కట్టుకోండి. పూట కొక్కటి చాలు, పళ్లెంలో మిగతా చోటు పుంటికూర, వంకాయ, గుడ్డు, కోడికూరకు ఇవ్వండి.

రెండోది బత్తాయి రసం. గ్లాసు నిండాలంటే మూడు నాలుగు కాయలు పిండాలి, పీచు పిప్పిలోనే పోతుంది. తినాలనిపిస్తే ఒక కాయ ఒలిచి తొనలు తినండి. సీజన్లో బాలానగర్ సీతాఫలం ఎదురుగా ఉంటే ఆగడం కష్టమే, కానీ దాని గుజ్జులో 100 గ్రాములకు 20 గ్రాముల పైనే ఉంటుంది.

మూడోది ‘షుగర్ ఫ్రీ’ బిస్కెట్లు. చక్కెర లేకపోవచ్చు, మైదా ఉంది కదా. ప్యాకెట్టు వెనక ‘షుగర్స్’ వరుస ఒక్కటే కాదు, ‘కార్బోహైడ్రేట్’ వరుస చూడండి. పదార్థాల్లో మాల్టోడెక్స్‌ట్రిన్ (గంజి నుంచి తీసే పొడి) అని ఉంటే అది షుగర్‌ను చక్కెరలాగే పెంచుతుంది.

బెల్లం, తేనె, ఖర్జూరం, తాటిబెల్లం చక్కెర కింద లెక్కే. వాదన అనవసరం.

తపాలచెక్క విరిగిపోతోంది, లేదా అడుగు మాడి లోపల పచ్చిగా ఉంటోంది

బియ్యప్పిండికి బదులు ఉత్త పల్లీపొడి వేస్తే ఇదే జరుగుతుంది. జొన్నపిండిలో మరిగే నీళ్లు పోస్తే అందులోని గంజి ఉబ్బి జిగురవుతుంది, అందుకే రొట్టె చేతికి సాగుతుంది. పల్లీల్లో, బాదంలో అంత గంజి లేదు. ఎంత వేడినీళ్లు పోసినా జిగురు రాదు. దాన్ని బయటినుంచి తేవాలి: అవిసెల పొడి, ఇసబ్‌గోల్ (మలబద్ధకానికి నీళ్లలో కలిపి తాగే గింజల పొట్టు).

కొలత: దోరగా వేయించి పొట్టు తీసిన పల్లీలు 150 గ్రాములు, అవిసెల పొడి 3 పెద్ద చెంచాలు, ఇసబ్‌గోల్ 1 పెద్ద చెంచా, నువ్వులు 2 పెద్ద చెంచాలు, చిన్న గిన్నెడు సొరకాయ తురుము, నాలుగు పచ్చిమిరపకాయలు, ఆరు ఎల్లిగడ్డ రెబ్బలు, కరివేపాకు, ఉప్పు. బాదంపిండి కొననక్కర్లేదు, పాలమూరులో పల్లీలకు కరువా.

పల్లీలు చల్లారాక మిక్సీని రెండేసి సెకన్లు తిప్పి ఆపుతూ పొడి చేయండి. ఆపకుండా తిప్పితే నూనె ఊరి ముద్దవుతుంది, ఇక అది పిండిగా పనికిరాదు. సొరకాయ తురుమును పిండి, ఆ నీళ్లు పారబోయకుండా ఉంచుకోండి. పొడులు, తురుము, మిగతావన్నీ కలిపి ఆ నీళ్లు నాలుగైదు చెంచాలు పోసి పది నిమిషాలు వదిలేయండి. ఈ పది నిమిషాలు ఎగ్గొట్టినవాళ్లకే చెక్క విరుగుతుంది, ఎందుకంటే ఇసబ్‌గోల్ తడి పీల్చుకోవడానికి టైం కావాలి.

నిమ్మకాయంత ఉండ తీసి అరచేతుల మధ్య ఒత్తండి. అంచులు పగిలితే చెంచా నీళ్లు. చేతికి అంటుకుంటే అర చెంచా ఇసబ్‌గోల్, ఇంకో ఐదు నిమిషాలు. దళసరి గిన్నెలో నూనె రాసి పలుచగా ఒత్తి, వేలితో నాలుగు చిల్లులు పెట్టి వాటిలో నూనె చుక్కలు వేయండి. సన్నమంట మీద మూతపెట్టి 8 నిమిషాలు, మూత తీసి ఇంకో 5 నిమిషాలు. పల్లీలు బియ్యప్పిండి కన్నా తొందరగా ఎర్రబడతాయి. మంట పెంచితే తడి ఆరకముందే మాడుతుంది. చెక్క గిన్నెలో చల్లారాకే గట్టిపడుతుంది, వేడిమీద ఎత్తొద్దు.

గోబీ అన్నం ముద్దయింది

బియ్యానికి బదులు తురిమి వండే గోబీలో పదింట తొమ్మిది వంతులు నీళ్లే. మిక్సీలో వేయొద్దు, కోరుకోండి. వెడల్పు మూకుడు, పెద్దమంట, మూత లేకుండా 4-5 నిమిషాలు. ఉప్పు దించేముందు.

నువ్వుల లడ్డు ఇసుకలా రాలిపోతోంది

బెల్లం పాకం ముదిరి నువ్వుల్ని పట్టేస్తుంది. చక్కెరకు బదులు వాడే ఎరిత్రిటాల్ అనే తీపి పొడి కరుగుతుంది గానీ తీగపాకం రాదు. చల్లారగానే మళ్లీ పలుకులు కడుతుంది. దానితో పాకం పట్టే ప్రయత్నమే మానేయండి. ఇక్కడ పట్టి ఉంచాల్సింది నువ్వుల్లోంచి ఊరే నూనే.

200 గ్రాముల నువ్వుల్ని సన్నమంట మీద చిటపటలాడేదాకా వేయించి, గోరువెచ్చగా ఉన్నప్పుడు 50 గ్రాములు పక్కన తీసి మిగతావి మిక్సీ పట్టండి. ఈసారి నూనె ఊరాలి, పొడి జారు గోడకు అంటుకోవాలి. ఎరిత్రిటాల్ 60 గ్రాములు విడిగా మెత్తగా పొడి చేసుకోండి. అట్లాగే వేస్తే పంటికింద ఇసుకే. అన్నీ కలిపి, యాలకుల పొడి, 2 చెంచాల కరిగిన నెయ్యి వేసి వెంటనే ఉండలు కట్టండి. ఇంకా రాలితే మరో చెంచా నెయ్యి వేయండి, నీళ్లు మాత్రం చల్లొద్దు, లడ్డు నిలవ ఉండదు. అరగంట ఫ్రిజ్‌లో పెడితే బిగుసుకుంటాయి.

నాలుక మీద చల్లగా తగిలితే అది ఎరిత్రిటాల్ గుణం. చిటికెడు ఉప్పు, యాలకులు కొంత కప్పేస్తాయి. తీపి చక్కెరలో ముప్పావు వంతుకు కొంచెం తక్కువే కాబట్టి సరిపోలేదని పెంచుకుంటూ పోతే కడుపు ఉబ్బుతుంది. కొద్దిగా స్టీవియా (ఒక రకం ఆకు నుంచి తీసే తీపి) కలపండి. స్టీవియా ఎక్కువైతే చేదు. దానికి విరుగుడు లేదు, నువ్వుల పొడి పెంచుకోవడమే.

చాయ్‌లో ఆస్పర్టేమ్ గోళీ వేసేవాళ్లు దించాక కప్పులో వేసుకోండి, మరిగిస్తే తీపి తగ్గుతుంది.

రెండోరోజు నుంచి తలనొప్పి, నీరసం, తర్వాత మలబద్ధకం

పిండిపదార్థం తగ్గగానే ఒంట్లోంచి నీళ్లు, వాటితో ఉప్పు ఎక్కువగా పోతాయి. తలనొప్పికి కారణం చాలాసార్లు అదే. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, బొక్కల చారు తాగండి. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు పెంచేముందు డాక్టరును అడగాలి.

మలబద్ధకం మాంసం, గుడ్లు పెంచి కూరగాయలు మరిచిపోయినవాళ్లకు వస్తుంది. పూటకు రెండు గుప్పిళ్ల తోటకూరో చుక్కకూరో బీరకాయో ఉండాలి. ఇసబ్‌గోల్ రాత్రి ఒక చెంచా, నిండు గ్లాసు నీళ్లతో. నీళ్లు తక్కువైతే అదే గట్టిపడి ఇబ్బంది పెడుతుంది. పచ్చిపులుసు మానక్కర్లేదు. నిమ్మకాయంత చింతపండు నలుగురికి పంచితే పెద్ద లెక్క కాదు, అందులో వేసే బెల్లం ముక్కను మాత్రం వదిలేసి నువ్వులపొడి, ఉల్లిగడ్డ కాస్త ఎక్కువ వేసుకోండి.