పాత వాక్యూమ్ క్లీనర్ వయసు కనిపెట్టి, బాగుచేయడం ఎలా?

పాత వాక్యూమ్ క్లీనర్ చేతికి రాగానే తుడిచి మెరిపించాలనిపిస్తుంది కాని, దాని వయసు చెప్పే స్టిక్కర్లు, వెలిసిన అక్షరాలు ఆ తుడుపుతోనే పోతాయి గనుక, ముందు అన్ని వైపులా ఫొటోలు తీసుకోవాలి.

తరువాత నేమ్‌ప్లేటు చదవాలి. 110 లేదా 120 వోల్టులు, 60 సైకిళ్లు (అంటే హెర్ట్జ్) అని ఉన్న అమెరికా యంత్రాన్ని మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే మోటారు కాలిపోతుంది. ఆకారాన్ని బట్టి తెలిసేది కొంతే: నిలువు కర్రకు గుడ్డసంచి వేలాడే హూవర్లు 1908లో మోడల్ ఓతో మొదలయ్యాయి, నేలమీద పట్టీలపై జారే గొట్టం ఆకారపు ఎలక్ట్రోలక్స్ మోడల్ వి 1921లో వచ్చింది, యూరేకా ఫోర్బ్స్ వారి యూరోక్లీన్ అయితే 1982కు ముందుది కాదు. షాపు స్టిక్కరు మీద విశాఖపట్నం పక్కన 530తో మొదలయ్యే ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే, ఆ స్టిక్కరు 1972 ఆగస్టు 15 తరువాతిదే. అయితే అది రిపేరు షాపువారు అంటించినదీ కావచ్చు. వైరును మాత్రం సాక్ష్యంగా తీసుకోకూడదు. చాలా యంత్రాలకు అది ఎప్పుడో మారిపోయి ఉంటుంది.

ఇక విప్పడం. ముక్కుకు మాస్కు కట్టుకుని, సంచిని ఆరుబయట దులపాలి. మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్లు (బ్రష్‌లు) తీసేటప్పుడు ఏది ఏ వైపుదో, ఏ ముఖం పైకి ఉందో గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే అవి కమ్యూటేటర్ (అవి ఆనుకునే, రాగి పలకలతో చేసిన గుండ్రటి భాగం) వంపుకు సరిపడా అరిగి ఉంటాయి. నల్లబడిన కమ్యూటేటర్‌ను సన్నటి ఉప్పుకాగితంతో తేలికగా రుద్దాలి. ఎమరీ కాగితం వద్దు, దాని పొడి కరెంటును పారనిచ్చి రాగి పలకల మధ్య షార్టు చేయగలదు. బేకలైటు (పాతకాలపు గట్టి ప్లాస్టిక్) భాగాలను నీళ్లలో నానబెట్టకుండా తడిగుడ్డతో తుడిస్తే చాలు.

విశాఖలాంటి సముద్రతీరపు ఊళ్లలో అసలు శత్రువు సముద్రపు గాలి. స్క్రూలకు తుప్పు పట్టించే ఆ ఉప్పుతేమ వైండింగు (మోటారులో చుట్టిన తీగ) లోకి కూడా చేరుతుంది గనుక, మోటారును అట్టపెట్టెలో కాక రేకు డబ్బాలో ఉంచి, తగలకుండా పక్కన 60 వాట్ల పాతకాలపు బల్బు వెలిగించి, దగ్గరే కనిపెట్టుకుని కొన్ని గంటలు ఆరబెట్టాలి. ఆ తరువాత వైండింగ్ షాపులో 500 వోల్టుల మెగ్గర్ (కరెంటు బయటికి లీకవుతోందేమో కొలిచే మీటరు)తో పరీక్ష చేయించాలి; వైండింగుకూ బాడీకీ మధ్య 1 మెగోమ్ (పది లక్షల ఓమ్‌లు) కంటే తక్కువ చూపిస్తే ప్లగ్గు జోలికి పోకూడదు. పగిలిన, గుడ్డ చుట్టిన పాత వైరును మార్చి, ఇనుప బాడీ అయితే మూడు పిన్నుల ప్లగ్గుతో ఎర్తు కలపాలి. ఈ ఒక్క చోట పాతదనాన్ని కాపాడాలన్న పట్టుదల పనికిరాదు.

మొదటిసారి నడిపినప్పుడు కార్బన్ల దగ్గర చిన్న నీలిరంగు మెరుపులు మామూలే. అవి కమ్యూటేటర్ చుట్టూ వలయంలా తిరిగితే వెంటనే స్విచ్ కట్టేసి, ఆర్మేచరును (మోటారులో తిరిగే భాగాన్ని) వైండింగ్ షాపులో చూపించాలి.