వెరావల్ వేటకు మొదటిసారి వెళ్లే తమ్ముడికి

ఆగస్టులో మన శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల తీరం నుంచి గుజరాత్‌లోని వెరావల్ రేవుకు రైలెక్కితే మళ్లీ ఇంటి మొహం చూసేది ఏప్రిల్‌లోనో మేలోనో. మొదట్లో హుషారుగానే ఉంటుంది. కుర్రాళ్లు డీలా పడేది దీపావళి దాటాక. బోటు యజమాని ఇచ్చిన అడ్వాన్సు ఇంట్లో ఖర్చయిపోయి ఉంటుంది, సీజనేమో ఇంకా సగం పైనే మిగిలి ఉంటుంది. అందుకే నెలలు లెక్కపెట్టొద్దు తమ్ముడూ, ట్రిప్పు మాత్రమే చూసుకో.

బోటు రేవు వదిలితే పదిహేను, ఇరవై రోజులు నీళ్ల మీదే. తిరిగొచ్చాక సరుకు దింపి, ఐసు, డీజిలు, బియ్యం ఎక్కించుకునే లోపు దొరికే కాస్త సమయమే నీది. అప్పుడేం చెయ్యాలో ముందే ఒకటి అనుకో. తలకు నూనె పెట్టుకుని మంచినీళ్ల స్నానం చెయ్యి, లేదా పక్కనే ఉన్న సోమనాథ్ గుడికి వెళ్లిరా. ఎదురుచూడ్డానికి ఏదో ఒకటి దగ్గర్లో ఉండాలి.

మనసు పాడవడానికి సగం కారణం నిద్ర లేకపోవడమే. పగలూ రాత్రీ తేడా లేకుండా మూడు నాలుగు గంటలకోసారి వల లాగాలి. డెక్కు మీద గుమ్మరించిన చేపల్ని ఏ రకానికా రకం వేరుచెయ్యాలి, కింద ఐసు వేసి పేర్చాలి. అది అయిన వెంటనే పడుకో, ఫోన్లో సినిమా పెట్టుకుని కూర్చోకు. ఉప్పునీళ్లలో నాని వేళ్ల సందులు పగులుతాయి, ముల్లు గుచ్చుకున్న చోట చీము పడుతుంది. పడుకునే ముందు చేతులు మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక కొబ్బరినూనె రాయి. చేతులు మండుతుంటే ఎవరెంత ధైర్యం చెప్పినా తలకెక్కదు.

ఇంటి నుంచి చింతపండు, కారం, ఆవకాయ తీసుకెళ్లు. పులుసు వండే వంతు నువ్వే అడిగి తీసుకో. ఆ పూట అలిగి దూరంగా కూర్చున్నవాడు కూడా పళ్లెం పట్టుకుని వస్తాడు.

లోపలికి పోయాక ఫోను పనిచెయ్యదు. ఎన్ని రోజులు మాట ఉండదో బయల్దేరే ముందే ఇంట్లో చెప్పు. రేవుకు రాగానే ముందు వాళ్ల బాగోగులే అడుగు. అప్పుల సంగతి మర్నాటి ఫోనుకు ఉంచుదామని నువ్వూ ఇంట్లోవాళ్లూ ఒక మాట అనుకోండి. లేకపోతే ఆ టెన్షనంతా మోసుకుని వేటకు పోతావు.

ఇంట్లోవాళ్ల భయం ఉత్తది కాదు. సముద్రంలో సరిహద్దు దాటారని 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకున్న మనవాళ్లు వాఘా సరిహద్దు దాటి వచ్చింది 2020 జనవరిలో. బోటు పేరు, నంబరు, తండేలు (బోటు నడిపించే పెద్ద) పేరు, యజమాని ఫోను నంబరు ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వు. బోటు మారితే ఆ రోజే చెప్పు. సరిహద్దుకు ఎంత దూరంలో ఉన్నామో తండేలును అడగడానికి మొహమాటపడకు. యజమాని దగ్గర తీసుకున్న ప్రతి రూపాయీ నోటుబుక్కులో రాసుకో.

సంక్రాంతికి అందరికీ ఇల్లు గుర్తొస్తుంది. గుజరాత్‌వాళ్లు ఆ రోజు మేడలెక్కి గాలిపటాలు ఎగరేస్తారు. రేవులో ఉంటే గదిలో పడుకోకుండా బయటికి వెళ్లు.

పక్కవాడిని కూడా కనిపెట్టుకుని ఉండు. రెండు రోజులుగా సరిగా తినకుండా, ఎవరితో మాట్లాడకుండా ఉన్నాడంటే తండేలుకు చెప్పు. అలాంటివాడిని రాత్రిపూట డెక్కు మీదికి ఒంటరిగా పంపకూడదు. నువ్వూ వెంట వెళ్లు.