కొత్త బండి సతాయిస్తోందా? చైన్ దగ్గర మొదలుపెట్టండి

100 సీసీ కొత్త బండికి అద్దాలు, లెగ్ గార్డు, చీర గార్డు మనమే బిగించుకున్నాక పానాలు అటకెక్కించొద్దు. మొదటి 500 కిలోమీటర్లలో చైన్ సాగుతుంది, బోల్టులు వదులవుతాయి. అప్పుడొచ్చే చప్పుళ్లలో చాలావరకు ఇంజన్‌వి కావు. హ్యాండిల్, లెగ్ గార్డు, ముందు చక్రం నట్లు ఒకసారి పానా పెట్టి చూస్తే సగం చప్పుళ్లు అక్కడే ఆగుతాయి.

వెనక టకటక, గేరు మారిస్తే కుదుపు

చైన్ లూజైంది. మెయిన్ స్టాండు వేసి, న్యూట్రల్‌లో పెట్టి, చైన్ కవర్ కింద ఉండే రబ్బరు మూత తీయండి. వేలితో చైన్‌ను పైకీ కిందికీ కదపండి. చాలా 100-110 సీసీ బండ్లకు మొత్తం కదలిక 20 నుంచి 30 మి.మీ. ఉండాలి. మీ బండి లెక్క ఓనర్ బుక్కులో ఉంటుంది, దాన్నే నమ్మండి. చక్రం తిప్పుతూ నాలుగు చోట్ల చూడాలి, ఎక్కడ బిగువుగా ఉందో అక్కడి కొలతే లెక్క.

వెనక చక్రం యాక్సిల్ (ఇరుసు) నట్టు వదులు చేయండి. కొన్నిటికి దాని లోపల స్లీవ్ నట్టు కూడా ఉంటుంది, అదీ వదలాలి. రెండు వైపులా చైన్ బిగువు మార్చే అడ్జస్టర్ నట్లు సమంగా తిప్పండి, రెండు వైపుల గీతలూ ఒకేచోట ఉండాలి. ఒక వైపు ఎక్కువైతే చక్రం వంకర పడి బండి పక్కకు లాగుతుంది, చైన్, స్ప్రాకెట్ పళ్లు తొందరగా అరుగుతాయి. నట్లన్నీ గట్టిగా బిగించాక పని అయిపోయిందనుకుంటారు చాలామంది. అసలు తప్పు అక్కడే జరుగుతుంది.

బండి గుంజడం లేదు, వెనక హబ్ కాలుతోంది

పోయిన ఎండాకాలం మా బామ్మర్ది నర్సంపేట నుంచి హన్మకొండకు వచ్చి, "బావా, కొత్త బండి, థర్డ్ గేరులో కూడా గుంజుతలేదు, ఇంజన్ పోయిందేమో" అన్నాడు. గొంతులో భయం తెలుస్తోంది, కిస్తీల మీద కొన్న బండి మరి. వెనక హబ్ (చక్రం నడిమి భాగం, బ్రేకు ఉండే చోటు) మీద నాలుగు చుక్కల నీళ్లు వేశాను, సుర్రుమని ఆవిరైపోయాయి. ముందురోజు సాయంత్రం తనే చైన్ బిగించాడట.

చైన్ బిగిస్తే చక్రం వెనక్కి జరుగుతుంది. డ్రమ్ బ్రేకు దానితోపాటే వెనక్కి పోతుంది, పెడల్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దాంతో మధ్యలోని బ్రేకు రాడ్ బిగుసుకుని, కాలు పెట్టకపోయినా లోపలి బ్రేకు షూలు డ్రమ్‌ను రాస్తాయి. హబ్ చల్లారాక రాడ్ చివరి నట్టు కొంచెం వదిలి, పెడల్‌కు 20-30 మి.మీ. ఆట ఉంచాను. చక్రం చేత్తో తిప్పితే హాయిగా తిరిగింది. చైన్ ముట్టుకున్న ప్రతిసారీ ఈ నట్టు చూడాల్సిందే. వెనక ఎర్ర బ్రేకు లైటు కూడా చూడండి, పెడల్ వదిలినా ఆరకపోతే బ్రేకు లైటు స్విచ్‌ను పట్టుకుని దాని నట్టు మాత్రమే తిప్పాలి.

బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు

ముందు ఇంజన్ ఆపే ఎర్ర కిల్ స్విచ్, సైడ్ స్టాండు చూడండి. నాట్ల కాలంలో పొలం గట్లమీద తిరిగే బండికి స్టాండు సెన్సర్ దగ్గర బురద పేరుకుంటుంది, నీళ్లతో కడిగితే చాలు. 'టిక్' అని మాత్రమే అంటే బ్యాటరీ టెర్మినల్ వదులై ఉండొచ్చు. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర.

మైలేజీ పడిపోయింది

పైన చెప్పిన బ్రేకు రాపిడి మొదటి అనుమానం, గాలి రెండోది. గాలి టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తా వేసుకుపోయే రోజు వెనక టైరుకు స్టిక్కర్ మీద రాసిన ఎక్కువ లోడు లెక్క పెట్టించండి.

మూడోది ఏర్ ఫిల్టర్. పరకాల, భూపాలపల్లి వైపు బొగ్గు లారీల వెనక తిరిగే బండికి బుక్కులో రాసిన గడువుకంటే ముందే మార్చాలి. నూనె తడి ఉన్న కాగితం ఫిల్టర్‌ను గాలి కొట్టి శుభ్రం చేయొద్దు, పెట్రోలుతో కడగొద్దు, కొత్తది వేయడమే. స్పాంజి రకమైతే కిరోసిన్‌లో కడిగి, మెలిపెట్టకుండా పిండి, ఆరాక ఇంజన్ ఆయిల్ పట్టించండి.

మీటరులో ఇంజన్ లైటు ఆరడం లేదు

బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) బండ్లలో ఇది ఇంజెక్షన్, అంటే ఇంజన్‌కు పెట్రోలు అందించే ఏర్పాటు, వైపు లోపం చెప్పే లైటు. మన పానాతో తేలేది కాదు, వారంటీ ఉండగా ఏ కనెక్టరూ విప్పకుండా సర్వీస్ సెంటర్‌కు తీసుకుపోండి.