ఎయిర్‌గన్‌ను పార్శిల్లో పంపాలంటే

ఎయిర్‌గన్లు బాగుచేయడం నా పని. రిపేరుకి వచ్చేవాటిలో చాలావరకు పార్శిల్లోనే వస్తాయి. వాడివాడి అరిగినవాటిని చూస్తే ఏమీ అనిపించదు గానీ, దారిలో విరిగినదాన్ని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఇంకో గంట కూర్చుని కట్టి ఉంటే అది విరిగేది కాదు.

కట్టడానికి ముందే కొరియర్‌వాళ్ళ నిషేధిత వస్తువుల జాబితా చదవండి. ఒక దేశంలో మామూలు సరుకు అయినది ఇంకో దేశంలో లైసెన్సు కావలసిన ఆయుధం. ఒకే ఊళ్ళో కూడా ఒక కంపెనీ తీసుకుంటుంది, పక్క కంపెనీ తీసుకోదు. ఎయిర్‌గన్ అని చెప్పే అడగండి, జవాబు మెయిల్లో తీసుకోండి. స్పోర్ట్స్ సామాను అని రాసి దాటించేద్దాం అనుకోవద్దు. ఎక్స్‌రేలో బ్యారెల్ దాగదు. పార్శిల్ ఆగిపోతుంది, తప్పుడు వివరాలిచ్చారని ఇన్సూరెన్స్ కూడా కొట్టేస్తారు. ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాయండి. పెట్టె పైన మాత్రం, కొరియర్‌వాళ్ళు అడిగిన లేబుళ్ళు తప్ప, గన్ అని తెలిపే మాటా బొమ్మా వద్దు. దొంగల కళ్ళు పడతాయి.

పీసీపీ గన్ (సిలిండర్లో ముందే గాలి నింపి ఉంచుకునేది) అయితే గాలంతా తీసేయాల్సిందే. నిండా ఉన్న సిలిండర్లో 200 బార్, కొన్నిట్లో 300 బార్ దాకా ఉంటుంది. కారు టైరులో ఉండేది రెండున్నర బార్‌కి అటూఇటూ. ఒత్తిడిలో ఉన్న గ్యాస్ రవాణా నిబంధనల్లో ప్రమాదకర సరుకు కింద లెక్క. గాలి వదిలే స్క్రూ ఉంటే మాన్యువల్లో చెప్పినట్టు దాన్నే వాడండి. లేకపోతే, మాన్యువల్ ఒప్పుకుంటే, పెల్లెట్ (సీసపు గుండు) లేకుండా సురక్షితమైన వైపు గురిపెట్టి కాలుస్తూ పోవాలి. గేజ్ సున్నా చూపించగానే ఆపకండి. రెగ్యులేటర్ (గాలి ఒత్తిడిని ఒకే స్థాయిలో ఉంచేది) ఉన్న గన్‌లో దాని అవతలి గదిలో ఇంకా గాలి మిగిలి ఉండొచ్చు. ట్రిగ్గర్ నొక్కితే లోపలి హ్యామర్ టక్కుమని కొట్టడం తప్ప గాలి చప్పుడు అసలు రాకూడదు. గాలి ఉండగా సిలిండర్ మరలు మాత్రం ముట్టుకోవద్దు, ప్రాణం మీదికొస్తుంది.

12 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ నింపిన గుళికలు (క్యాప్సూల్స్) పెట్టెలో వేయకండి. ఎండలో నిలిపిన వ్యానులో వాటి ఒత్తిడి బాగా పెరుగుతుంది. స్ప్రింగ్ గన్‌ను కాక్ చేసి, అంటే లోపలి స్ప్రింగ్ బిగించి పెట్టి, పంపకండి. స్ప్రింగ్ బదులు గ్యాస్ పిస్టన్ (గ్యాస్ నింపి మూసేసిన గొట్టం) ఉన్నదాన్ని ఇంట్లో ఖాళీ చేయలేం కాబట్టి ఆ సంగతి కొరియర్ కంపెనీకి ముందే చెప్పండి. లోపల లైటు వెలిగే స్కోపు (గురి చూసే దుర్బిణి) ఉంటే దానిలోంచి లిథియం సెల్ తీసేయండి.

ఇక కట్టడం. నా దగ్గరికి విరిగి వచ్చేవన్నీ దాదాపు ఒకేచోట విరుగుతాయి: గన్ వెనక భుజానికి ఆనించే స్టాక్‌లో చెయ్యి పట్టుకునే సన్నని భాగం. పెట్టె కిందపడితే బ్యారెల్ బరువంతా అక్కడే లాగుతుంది. అందుకే రెండు మూడు స్క్రూలు విప్పి స్టాక్‌నీ బ్యారెల్ భాగాన్నీ వేరుచేసి, విడివిడిగా చుట్టండి. పొడవు తగ్గితే ఛార్జీ కూడా తగ్గుతుంది. స్క్రూలు జిప్ కవర్లో వేసి స్టాక్‌కే అతికించండి. స్కోపును, దాన్ని పట్టి ఉంచే మౌంట్లతో సహా విప్పి వేరుగా చుట్టాలి.

రెండో ప్రమాదం కొసలది. ఇనుప బ్యారెల్ ముందుకు జారి అట్టను పొడుచుకుని బయటికొస్తుంది. ఒట్టి బబుల్ రాప్ దాన్ని ఆపలేదు. పెట్టె రెండు కొసల్లోనూ ప్లైవుడ్ ముక్కో, నాలుగైదు మడతల దళసరి అట్టో పెట్టి, దాని ముందు గట్టి ఫోమ్ వేయండి. ఆ పెట్టెను ఇంకో పెట్టెలో, చుట్టూ 5 సెంటీమీటర్ల మెత్త ఉండేలా పెట్టండి. ఊపి చూడండి. లోపల ఏదైనా కదిలినట్టుంటే మళ్ళీ విప్పాల్సిందే. పెల్లెట్ల డబ్బా ఇందులో వద్దు. సీసం బరువు, మూత ఊడితే అన్నిటినీ గీకేస్తుంది.

ఇనుము మీద పల్చగా నూనె రాసి, సిలికా జెల్ పొట్లం ఒకటి వేయండి. సీరియల్ నంబరు కనిపించేలా ఫొటోలు తీసి, పూర్తి విలువకు ఇన్సూర్ చేయండి. లోపల ఒక కాగితం మీద మీ పేరు, ఫోను, గాలి తీసేశారన్న మాట, గన్‌కి వచ్చిన ఇబ్బంది రాయండి. "పనిచేయట్లేదు" అంటే నాకేమీ తెలియదు. గాలి కారుతోందా, ట్రిగ్గర్ పట్టేస్తోందా, గురి తప్పుతోందా, అది రాయండి.