నల్లగొండ నుంచి క్యాన్సర్ కణాల ల్యాబ్ దాకా ఎట్లా పోవాలంటే

మునుగోడు, మర్రిగూడ వైపు పెరిగినవాళ్లకు టాక్సికాలజీ (విషాల శాస్త్రం) గురించి కొత్తగా చెప్పేదేం లేదు, పళ్లకు గోధుమరంగు చారలున్న దోస్తులు, నడుం వంగిపోయిన తాతల మధ్యనే పెరిగాం కదా. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపుంటే ఇబ్బంది లేదు. ఒకటిన్నర దాటితే పిల్లల పళ్లకు మచ్చలొస్తాయి, ఇంకా ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలే బిగుసుకుపోతాయి. పదార్థం అదే, మారింది మోతాదు. 16వ శతాబ్దంలో పారాసెల్సస్ అనే వైద్యుడు చెప్పింది కూడా ఇదే. పుస్తకాలు తర్వాత, ముందు ఈ లెక్క బుర్రకెక్కాలి.

చదువు సంగతి తొందరగా చెప్పేస్తా. డిగ్రీలో బీజెడ్‌సీ అయినా బయోటెక్నాలజీ అయినా పర్వాలేదు, కెమిస్ట్రీని మాత్రం గాలికి వదిలేయొద్దు. పీజీకి సీపీగెట్ (తెలంగాణ పీజీ ఎంట్రన్స్) రాస్తే ఉస్మానియా, మహాత్మాగాంధీ, పాలమూరు యూనివర్సిటీల్లో సీట్లుంటాయి. గ్యాట్-బీ (బయోటెక్నాలజీ పీజీ ఎంట్రన్స్) కూడా రాయండి, దాంతో వేరే రాష్ట్రాల్లోనూ దొరుకుతాయి. ఎమ్మెస్సీ రెండో ఏడాది నుంచే సీఎస్ఐఆర్ నెట్ (పీహెచ్‌డీ ఫెలోషిప్పుకు రాసే జాతీయ పరీక్ష) మీద కూర్చోవాలి. అందులో జేఆర్ఎఫ్ (రీసెర్చి ఫెలోషిప్) వస్తే 2023లో పెంచిన లెక్క ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000. ఇంట్లో 'ఇంకా ఎన్నేళ్ల చదువు' అని అడిగేవాళ్ల నోరు కాస్త మూతపడేది అప్పుడే.

ల్యాబులు మనకు దూరమేం కాదు. ఎల్బీనగర్‌లో దిగి ఉప్పల్ బస్సెక్కితే అక్కడ డీఎన్ఏ మీద పనిచేసే సీడీఎఫ్‌డీ, ఇంకాస్త ముందుకెళ్తే హబ్సిగూడలో కణాల మీద పనిచేసే సీసీఎంబీ, తార్నాకలో రసాయనాల ఐఐసీటీ, పోషకాహారం మీద పనిచేసే ఎన్ఐఎన్. మన జిల్లా ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ జబ్బు) మీద ఎన్ఐఎన్ వాళ్లు 1970ల నుంచే పనిచేశారు. ఎండాకాలం సెలవుల్లో ప్రాజెక్టు కావాలంటే 'రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ ఇంట్రెస్టెడ్' అని వంద మందికి ఒకటే మెయిల్ కొట్టొద్దు, ఎవరూ చూడరు. ఒకరి పరిశోధన పేపర్ పూర్తిగా చదివి, అందులో అర్థంకాని ఒక్క ప్రశ్న రాసి పంపండి. నాకు జవాబొచ్చింది అట్లాంటి మెయిల్‌కే.

ఇక అసలు పని. మొదటి ఆర్నెల్లు మీరు సైంటిస్టు కాదు, కణాలకు మేత వేసే మనిషి. 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, రెండు మూడు రోజులకోసారి మీడియా (కణాలు తినే పోషక ద్రవం) మార్చడం, పండగా లేదు ఆదివారమూ లేదు, ఇంట్లో బర్రెలున్నవాళ్లకు ఈ బాధ తెలిసిందే. ఎర్రగా ఉండాల్సిన మీడియా రాత్రికి రాత్రే పసుపై, మబ్బుగా కనిపిస్తే బ్యాక్టీరియా చేరినట్టే, ఏడవకుండా ఫ్లాస్కు పారేయండి.

మందు కణాలను చంపుతుందా లేదా చూడటానికి ముందు నేర్చుకునేది ఎంటీటీ అనే పరీక్ష. పసుపు రంగు రసాయనం బతికున్న కణాల్లో ఊదారంగు స్ఫటికాలవుతుంది, వాటిని డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగించి 570 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీస్తారు. ఊదా ఎంత చిక్కగుంటే అన్ని కణాలు బతికున్నట్టు. నా మొదటి ప్లేటులో కాంపౌండ్ పోసిన కణాలు సగానికి సగం చచ్చిపోయాయి, ఎగిరి గంతేశాను. మా గైడ్ ప్లేటును వెలుతురుకు పట్టి చూసి 'డీఎంఎస్ఓ కంట్రోల్ ఏది?' అన్నారు, అంతే. కంట్రోల్ అంటే మందు లేకుండా మిగతావన్నీ అట్లాగే పోసి పోల్చుకునే కణాలు. కాంపౌండ్ నీళ్లలో కరగక డీఎంఎస్ఓలో కలిపాను, వెల్‌లో (ప్లేటులోని గుంటలో) అది 2 శాతం దాకా పోయింది, కంట్రోల్ వెల్స్‌కేమో ఉత్త మీడియా పోశాను. మళ్లీ చేస్తే ఒట్టి డీఎంఎస్ఓకే బోలెడు చచ్చాయి. నెల రోజుల పని బుగ్గిపాలు. వీలైతే 0.1 శాతం, మరీ తప్పకపోతే 0.5, అంతకు మించి పోనివ్వొద్దు.

ఇంకోటి, క్యాన్సర్ కణాలు చచ్చాయని పేపర్లవాళ్లకు చెప్పకండి. పత్తికి కొట్టే మందు పోసినా చస్తాయవి. అదే మోతాదుకు మామూలు కణాలు ఎన్ని బతికాయో పక్కనే చూపించగలిగితేనే అది రిజల్ట్.

ఊరికి పోయినప్పుడు మా నాన్న అడిగాడు, 'గడ్డిమందు కొడితే క్యాన్సరొస్తదా?' అని. గడ్డిమందుల్లో ఉండే గ్లైఫోసేట్‌ను 2015లో ఐఏఆర్‌సీ (ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల క్యాన్సర్ పరిశోధన సంస్థ) 'బహుశా క్యాన్సర్ కారకం' అనే గుంపులో పెట్టింది. కానీ అది ఆ గుణం ఉందా లేదా అన్న మాటే, ఎంత తగిలితే ఎంత ప్రమాదమో చెప్పే లెక్క వేరు. ఇదంతా విడమరిచి చెప్పాను. విన్నాడు, విని ఎప్పట్లాగే ఒట్టి చేతుల్తో మందు కలపబోయాడు. బ్యాగులో ఉన్న గ్లౌజులు తీసి ఇచ్చాను.