వానలో కారు నడపడం – 3వ పాఠం: ముందు బండికి ఎంత దూరం?

పోయిన పాఠంలో టైర్ల సంగతి చూశాం. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే ఆ టైరు పనికిరాదని చెప్పుకున్నాం. అలాంటి టైర్లు ఇంకా మార్చనివాళ్లు ముందు ఆ పని చూసుకుని రండి.

ఈ పాఠంలో ఒక్కటే నేర్చుకుంటాం, దూరం లెక్కపెట్టడం. ముందు బండి ఒక కిలోమీటరు రాయి దాటగానే మనసులో "వెయ్యిన్నొకటి, వెయ్యిన్ని రెండు" అనుకుంటూ పోండి. పొడి రోడ్డు మీద రెండు అనేలోపు మీరు ఆ రాయి దగ్గరికి చేరకూడదు. వానలో నాలుగు దాకా రాకూడదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. అంటే నాలుగు సెకన్లకు 67 మీటర్లు. కంటితో మీటర్లు అంచనా వేయడం కష్టం, అంకెలు పలకడం ఎవరికైనా వస్తుంది.

"అంత ఖాళీ వదిలితే ఆటో దూరిపోదా?" అని నా దగ్గర నేర్చుకునేవాళ్లందరూ అడుగుతారు. దూరుతుంది. దూరనివ్వండి. యాక్సిలరేటర్ మీద కాలు కాస్త తేల్చి, మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టండి. విజయవాడ హైవేలో కొర్లపహాడ్ టోల్ దగ్గర వానలో బండ్లన్నీ ఒక్కసారిగా నెమ్మదించినప్పుడు, ఆ లెక్కే నన్ను ముందున్న లారీకి గుద్దుకోకుండా ఆపింది.

తొలకరి రోజుల్లో ఇంకా జాగ్రత్త. ఎండాకాలమంతా పేరుకున్న దుమ్ము, కారిన ఇంజనాయిలు మొదటి తుంపరకి కలిసి జిగటగా మారతాయి. రోడ్డు కడుక్కుపోయేదాకా అది నున్నగా జారుతూనే ఉంటుంది.

ఇక బ్రేకు. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారులో గట్టిగా తొక్కితే పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుంటుంది, కరకరమని శబ్దం వస్తుంది. కొత్తవాళ్లు టెన్షన్ పడి కాలు తీసేస్తారు. తీయకండి, అది దాని పని అది చేస్తోందని గుర్తు. ఏబీఎస్ లేని కారులో చక్రాలు బిగుసుకుపోతే కాస్త వదిలి మళ్లీ తొక్కాలి.

నిలిచిన నీళ్ల మీద వేగంగా వెళ్తే టైరు రోడ్డును వదిలి నీటి పొర మీద తేలుతుంది. స్టీరింగ్ ఒక్కసారిగా దూదిలా తేలికైపోతుంది. అప్పుడు బ్రేకు తొక్కకండి, స్టీరింగ్ తిప్పకండి. యాక్సిలరేటర్ మెల్లగా వదిలి స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి. టైరు మళ్లీ రోడ్డును తాకగానే బరువు చేతికి తెలుస్తుంది.

ఈ వారం అభ్యాసం: ఏబీఎస్ కారు ఉన్నవాళ్లు మనుషులెవరూ లేని మైదానంలో, వెనక బండి లేదని చూసుకుని, గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఒకసారి గట్టిగా బ్రేకు తొక్కి ఆ టకటక కాలికి తెలిసేలా చేసుకోండి. తరువాత, రోజూ వెళ్లే దారిలో నాలుగు పలకకముందే రాయి ఎన్నిసార్లు వచ్చేసిందో ఇంటికొచ్చాక రాసుకోండి. వచ్చే పాఠంలో వాగు పొంగిన చప్టా దగ్గర ఏం చేయాలో చూద్దాం.