ఒంటి చేత్తో పిస్టల్ నేర్చుకునేవాళ్లు ముందు వేలు సంగతి చూసుకోండి

పోయిన శనివారం టెక్సస్‌లో డాలస్ దగ్గర ఒక షూటింగ్ రేంజ్‌లో (డబ్బు కట్టి కాల్పులు సాధన చేసే చోట) మనవాళ్ల అబ్బాయి కుడి చేత్తో పిస్టల్ పట్టుకుని, చప్పుడు వినపడకుండా చెవులకి పెట్టుకునే ఇయర్‌మఫ్‌ జారిపోతుంటే దాన్ని ఎడమ చేత్తో సర్దుకున్నాడు. గన్ పేలింది. తూటా అతని బూటుకి జానెడు దూరంలో నేలలో దిగింది. "నేను నొక్కలేదన్నా" అన్నాడు వణుకుతూ. అబద్ధం చెప్పలేదు, నొక్కినట్టు అతనికే తెలియదు. 2024 నవంబరులో అట్లాంటాలో ఒక తెలుగు విద్యార్థి తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయాడన్న వార్త అప్పుడు అందరం చదివాం, నాలుగు రోజులకి మర్చిపోయాం. అందుకే ఇది రాస్తున్నా.

చెవులకీ కళ్లకీ రక్షణ పెట్టుకోండి లాంటివి రేంజ్‌వాళ్లే చెబుతారు. నేను చెప్పేది వేలు గురించి.

ఒంటి చేత్తో కాల్చాల్సి వచ్చిందంటే రెండో చేయి ఖాళీగా లేదని అర్థం. చంకలో పిల్ల ఉండొచ్చు, ఫోన్ ఉండొచ్చు, తలుపు గడియ తీస్తూ ఉండొచ్చు. చిక్కంతా అక్కడే. ఒక చేయి దేన్నైనా గట్టిగా పట్టుకుంటే రెండో చేయి కూడా తెలియకుండా బిగుస్తుంది. బిగుసుకుపోయిన ఆవకాయ జాడీ మూత తిప్పి చూడండి, పళ్లు కూడా బిగుస్తాయి. ఉలిక్కిపడ్డా, కాలు జారినా ఇంతే. చాలా పిస్టళ్ల ట్రిగ్గర్‌కి సుమారు రెండున్నర కిలోల ఒత్తిడి చాలు, బిగిసిన చేతికి అదొక లెక్కా? గురి కుదిరి, కాల్చాలని తేల్చుకునేదాకా వేలు ట్రిగ్గర్ గార్డు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ) బయట, ఫ్రేమ్ (గన్ బాడీ) మీద బారుగా ఉండాలి. రెండు చేతులతో చక్కగా కాల్చేవాళ్లకి కూడా ఒక చేయి తీసేయగానే పట్టు చాలనట్టనిపించి వేలు లోపలికి పోతుంది. నేను చాలామందిలో చూశాను.

ముందు చట్టం. మీది ఎఫ్‌-1 (చదువు) లేదా హెచ్‌-1బి (ఉద్యోగం) వీసా అయితే, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సులాంటి మినహాయింపు లేకుండా రేంజ్‌లో అద్దె గన్ పట్టుకున్నా, జేబులో ఒక్క తూటా ఉన్నా ఫెడరల్ నేరమే. శిక్ష 15 ఏళ్ల దాకా పడొచ్చు. టెక్సస్‌లో 2021 నుంచి పర్మిట్ లేకుండా గన్ వెంట ఉంచుకోవచ్చు కదా అంటారు. అది మీకు వర్తించదు.

తర్వాత నిలబడే పద్ధతి. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్‌ని చూసి పక్కకి తిరిగి నిలబడకండి. అది 25 మీటర్ల పోటీకి పద్ధతి. ఆత్మరక్షణకైతే ఛాతీ గురి వైపు, గన్ ఉన్న వైపు కాలు కొంచెం ముందుకి, ఒంటి బరువు ముందుకి. ఖాళీ చేయి పిడికిలి బిగించి గుండెకి ఆనించాలి. ఊరికే వదిలేస్తే అది గొట్టం ముందుకొస్తుంది. మణికట్టు వదులైతే స్లయిడ్ (గన్ పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం) పూర్తిగా వెనక్కి రాదు, పేలిన తూటా ఖాళీ తొడుగు ఇరుక్కుంటుంది. కొత్తవాళ్లు అదేంటో చూద్దామని గన్ తమ వైపు తిప్పుకుంటారు. వేలు ఎక్కడుంటుంది? లోపలే.

పాయింట్ 22తో (చిన్న తూటా, తక్కువ కుదుపు ఉండే గన్‌తో) మొదలుపెట్టండి. ముందు రెండు చేతులతో కాల్చడం రావాలి. ఒంటి చేత్తో ఒకసారికి పది తూటాలు చాలు, చేయి వణికితే ఆపేయండి.

ఇంట్లో డ్రై ఫైర్ (తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన) చేసేటప్పుడు అసలు తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. మ్యాగజైన్ (తూటాలుండే డబ్బా) ముందు తీయండి, స్లయిడ్ తర్వాత లాగండి. వరస తప్పితే ఛాంబర్‌లోకి (గొట్టం వెనక తూటా కూర్చునే చోటుకి) కొత్త తూటా ఎక్కుతుంది, మీరేమో ఖాళీ అనుకుంటారు. గ్లాక్ కంపెనీ పిస్టళ్ల లాంటివి శుభ్రం చేయడానికి విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి, కాబట్టి ఛాంబర్‌లో వేలు పెట్టి కూడా చూడండి. రేంజ్‌కి మెడ తెరిచి ఉన్న టాప్ వేసుకోవద్దు. వేడి తొడుగు లోపల పడితే గంతులేస్తారు. గంతులేసేటప్పుడు వేలు బయట. గన్ చేజారితే పట్టుకోబోకండి, పడనివ్వండి. బెల్టుకి ఆనించి ఒంటి చేత్తో స్లయిడ్ లాగడం యూట్యూబ్‌లో చూశారా? డమ్మీ తూటాలతోనే, అదీ ఇన్‌స్ట్రక్టర్ పక్కనుంటేనే. గన్ హోల్‌స్టర్‌లో (నడుముకి కట్టుకునే ఒరలో) పెట్టేటప్పుడు తొందర వద్దు, జాకెట్ తాడు ట్రిగ్గర్‌కి తగులుకుంటుంది. ఎవరైనా భుజం తట్టి పిలిస్తే తిరగొద్దు, మీతోపాటు గన్ కూడా తిరుగుతుంది. సెల్ఫీ వద్దు. మందు వాసన ఉన్నవాడితో రేంజ్‌కి వెళ్లొద్దు. పిల్లలున్న ఇంట్లో గన్‌కి తాళం, తాళంచెవి మీ ఒంటి మీదే. రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాగుతో ఇండియాకి వెళ్లొద్దు. అడుగున ఒక్క తూటా మిగిలిపోయినా శంషాబాద్ ఎయిర్‌పోర్టులో 1959 ఆయుధాల చట్టం కింద కేసు. తలుపు తీసేటప్పుడు వేలు బయట. ఫోన్ అందుకునేటప్పుడు బయట. పిల్లని లాక్కునేటప్పుడు బయట.

ఆ అబ్బాయి వచ్చే వారం మళ్లీ వస్తానన్నాడు. తూటాలు తెచ్చుకోవద్దన్నాను.